పదహారు ఎడమ చేతులు

జీపు వచ్చి కర్రసాము నేర్పే తాలింఖానా ముందర ఆగేసరికి అబ్దుల్ సత్తార్ కర్రలకు ఆముదం పట్టిస్తున్నాడు. మండలాలు కొత్తగా వచ్చి, వాటికి మొదటిసారి ఎన్నికలు పెట్టిన ఏడు అది. ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో ఎవరి గడప ముందు జీపు ఆగినా ఆ ఇంట్లోవాళ్లు ముందు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్లు, తర్వాత వచ్చిందెవరో చూసేవాళ్లు. సత్తార్‌కు పిల్లల్లేరు. ఉన్నదల్లా పదహారు మంది శిష్యులు, వాళ్ల కర్రలు, భార్య ఖమ్రున్నీసా.

జీపు దిగినవాడు నారాయణ. ఆ పదహారు మందిలో ఒకడు. పగలు ఓబుళరెడ్డి జీపు తోలేవాడు, వారానికి రెండు పూటలు వచ్చి కర్ర తిప్పేవాడు.

“ఉస్తాద్, రెడ్డి తోలుకొని రమ్మన్నాడు.”

“ఎందుకప్పా?”

“ఆడికి పోతే తెలుస్తాది.”

రెడ్డి పిలిస్తే ఎందుకని ఒకసారి అడగొచ్చు, రెండోసారి అడగకూడదు. సత్తార్ చేతులు తుడుచుకుని, టోపీ పెట్టుకుని జీపెక్కాడు. “మధ్యాహ్నం కూటికి వస్తావా?” అని ఖమ్రున్నీసా వాకిట్లోంచి అడిగింది. “వస్తా పో” అన్నాడు గానీ, ఆ మాట మీద ఆయనకే నమ్మకం లేదు.

ఓబుళరెడ్డి ఊరు పులివెందుల దాటి చక్రాయపేట దోవలో ఉంటుంది. ఊరి పేరు చెప్పను. చెప్తే ఇప్పటికీ చెవులు రిక్కించేవాళ్లు ఉన్నారు, నాకెందుకొచ్చిన గొడవ! చుట్టూ అరటితోటలు, మధ్యలో కోటగోడలాంటి ప్రహరీ, లోపల మిద్దె. ఆ మిద్దె వసారాలో నులకమంచం మీద రెడ్డి తమ్ముడి కొడుకు మద్దిలేటి పడుకుని మూలుగుతున్నాడు. ఇరవై ఆరేళ్లవాడు, ఎద్దులాంటి మనిషి, కుడి ముంజేయి మాత్రం గుమ్మడిపిందెలా ఉబ్బింది.

“కట్టు ఇప్పి చూపించు సాయిబుకు,” అన్నాడు రెడ్డి.

ఎవరో కట్టు విప్పారు. సత్తార్ మంచం పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. అరచేతికి నాలుగు వేళ్ల కింద, లోపలివైపు, బొటనవేలి నరం దగ్గర మొదలై పైకి ఏటవాలుగా పోయిన నల్లటి మచ్చ. కర్ర కొనతో కొట్టింది కాదు, మొదలుతో కింది నుంచి పైకి ఎత్తి కొట్టింది. ఎముక పోయింది, పిడికిలి పట్టు పోయింది. ఇక ఆ చేత్తో మద్దిలేటి చెంబు కూడా పట్టుకోలేడు.

సత్తార్ ఆ మచ్చను గుర్తుపట్టాడు. ఎందుకంటే అది ఆయన దెబ్బ. లోకంలో ఇంకెవరికీ తెలియని దెబ్బ. ఆయన ఒక్కడికి నేర్పాడు, ఆ ఒక్కడు ఎవరో ఆయనకు తెలుసు.

“మంగళవారం,” అన్నాడు రెడ్డి నిదానంగా, “జమ్మలమడుగులో మండలాఫీసు ముందర. ఎవడో మూతికి తువ్వాల చుట్టుకోని వచ్చినాడంట. ఒక్కటంటే ఒక్క దెబ్బ. మావాని చేతిలో కొడవలి యాడ పడిందో మావానికే తెలీదు. వాడు జనంలో కలిసిపోయినాడు.”

నామినేషన్లు వేసేచోటికి వేటకొడవలి ఎందుకు తీసుకుపోయాడో మాత్రం రెడ్డి చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. ఆ రోజు రెడ్డి మనిషి మీద పోటీకి నామినేషన్ వేసినవాడు బాలయ్య, గొర్లకాపర్ల పెద్ద, డెబ్బై ఏళ్ల ముసలివాడు. కొడవలి లేచింది ఆ ముసలి మెడ మీదికి.

“ఇది నీ తాలింఖానా దెబ్బే గదా సాయిబూ?”

కాదంటే సరిపోయేది అనుకుంటారేమో. ఓబుళరెడ్డి కూడా వయసులో సాము చేసినవాడే, మట్టి తొక్కినవాడే. ఏ దెబ్బ ఏ ఉస్తాద్‌దో ఆయనకు తెలుసు. కమలాపురం ఉస్తాద్ నెత్తికి కొట్టిస్తాడు, మైలవరం వాళ్లు మోకాలికి కొడతారు. కొడవలి పట్టిన చేతిని తెరిపించే దెబ్బ సత్తార్ దగ్గర ఒకటుందని జిల్లా అంతా చెప్పుకునేది, చూసినవాళ్లు లేరు.

“మాదే,” అన్నాడు సత్తార్.

“ఎవడు?”

“మొహానికి తువ్వాల కట్టుకున్నోణ్ని నేనెట్ల చెప్పేది రెడ్డీ?”

“కట్టు కట్టిన కాంపౌండరు చెప్పినాడు, కొట్టింది ఎడంచేత్తో అని. నీ శిష్యుల్లో ఎడంచేతివాడు ఎవడు?”

ఒక్కడే ఎడంచేతివాడు. మైలవరం డ్యాము కింద గొర్రెలు మేపుకునే రంగన్న. పేరు చెప్తే రేపు పొద్దునకు వాడు ఉండడు. చెప్పకపోయినా నారాయణను అడిగితే తెలిసిపోతుంది, నారాయణ అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. సత్తార్ నోటికి ఏది వస్తే అది అనేశాడు.

“ఎడంచేతివాడు ఎవడైతే ఏంది? ఆ దెబ్బ ఎడంచేత్తోనే నేర్పుతా. పదహారు మందికీ వచ్చు.”

రెడ్డి సత్తార్ మొహం మీంచి చూపు తిప్పకుండానే పిలిచాడు. “ఏం నారాయణా. నీకూ వచ్చునా?”

నారాయణకు రాదు. వాడికి ఆ దెబ్బ పేరు తెలుసు, అంతే. వాడు రాదన్నాడంటే సత్తార్ ఆ ప్రహరీ దాటేది లేదు. గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే ఉండి చెవి గోక్కున్నాడు.

“వచ్చు రెడ్డీ. కొంచెం మొరటుగా వస్తాది.”

“అయితే చూపించు. కర్ర తెప్పిస్తా.”

“చూపించకూడదు,” అన్నాడు సత్తార్ గబుక్కున. “దెబ్బతిన్నోడు పడుకోనుండే గడపలో మూడు దినాలు కర్ర ఎత్తకూడదు. నీకు తెలీని కట్టడా రెడ్డీ?”

అది నిజంగా ఉన్న కట్టడే. సాము చేసే వాళ్లంతా పాటిస్తారు, గాయపడిన వాడి నొప్పి పెరుగుతుందని. ఓబుళరెడ్డి మనిషిని నరికిస్తాడు గానీ కట్టడ తప్పడు, ఆయన సంగతి అంతే. కాసేపు మీసం మీద వేలు పెట్టుకుని ఆలోచించాడు.

“ఆదివారం పదహారు మందినీ తోలుకొని రా. నా కండ్ల ముందర ఒగొగడూ ఎడంచేత్తో ఆ దెబ్బ కొట్టల్ల. ఒగనికి రాకపోయినా, నువ్వు చెప్పింది అబద్ధం. అప్పుడు ఎడంచేతివాడు ఎవడో నారాయణ చెప్తాడు. నీ సంగతి నేను చెప్తా.”

జీపు ముద్దనూరు దాకా వచ్చింది. సత్తార్‌కు పక్కన కూర్చున్నవాడు శిష్యుడా, రెడ్డి మనిషా అర్థం కావడం లేదు. రెండూ వాడే. ఆ కాలంలో చాలామంది బతుకు అట్లాగే ఉండేది. కూడు ఒకచోట, గౌరవం ఒకచోట.

కూడలిలో నారాయణ బ్రేకు వేశాడు. “ఉస్తాద్, జీపు ప్రొద్దుటూరికి తోలల్లా, మైలవరానికి తోలల్లా?”

సత్తార్ వాడి వైపు తిరిగాడు. “నీకు ఎట్ల తెలుసురా?”

“మంగళవారం జీపు తోలింది నేనే గదా. చూసినా. మూతికి తువ్వాల కట్టుకుంటే చెయ్యి మారుతుందా?” స్టీరింగు మీద వేళ్లతో కొట్టాడు. “మద్దిలేటి కొడవలి ఎత్తింది మా తాతంత ముసలోని మీద. రంగడు లేకపోతే ఆపొద్దు ఆ నెత్తురు నా జీపుకు అంటుండేది. నేను రెడ్డి ఉప్పు తింటాండా, ఇంకేం చెప్పలేను. ఆ దెబ్బ నేర్చుకునేదానికి రేపు పొద్దున ఎన్ని గంటలకు రావల్ల, అది చెప్పు.”

సత్తార్ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. “మైలవరానికి తోలు,” అన్నాడు.

ఇక్కడ ఆ దెబ్బ సంగతి కొంచెం చెప్పాలి. పదకొండేళ్ల కిందట లక్ష్మయ్య అనే శిష్యుడు కొడవలికి అడ్డంగా కర్ర పెట్టాడు. కర్ర రెండు ముక్కలైంది, లక్ష్మయ్య కూడా. సత్తార్ ఆ శవాన్ని చూసి వచ్చి మూడు రోజులు అన్నం ముట్టలేదు. తాతలు నేర్పిన సాము కర్రకు కర్ర ఎదురున్నప్పటి సాము. ఎదురుగా కొడవలి ఉంటే అది ఆటే గానీ కాపాడదు. ఈ సంగతి జిల్లాలో ప్రతి ఉస్తాద్‌కూ తెలుసు, తెలిసీ పీర్లపండగలో కర్రలు తిప్పి దండలు వేయించుకునేవాళ్లు. సత్తార్‌కు మాత్రం ఆ దండ మెడమీద బరువుగా అనిపించింది.

ఖాజా మాంసం అంగడికి పోయి రోజూ కూర్చునేవాడు. కొనేవాడు కాదు. గొర్రె ముందరికాలి కీలు ఎక్కడ మడుస్తుంది, ఏ నరం లాగితే గిట్ట తెరుచుకుంటుంది అని ఎముకలు తిరగేస్తూ చూసేవాడు. “ఉస్తాద్‌కు మతి పోయింది” అని ఖాజా అందరికీ చెప్పేవాడు. తేలిందేమిటంటే కత్తిని ఆపకూడదు, కత్తి పట్టిన చేతిని తెరిపించాలి. అదీ కింది నుంచి. ఇంతవరకు వచ్చాడు గానీ దెబ్బ మాత్రం కుదరలేదు. కుడిచేత్తో కొడితే కర్ర దూరం చుట్టి రావాలి, అప్పటికే కొడవలి దిగిపోతుంది. ఆరేళ్లు అక్కడే ఆగిపోయాడు.

ఆ ముడి విప్పింది రంగన్న. కురువోళ్ల పిల్లవాడు అప్పుడు, ఒక పూట తాలింఖానా బయట గొర్రెను పట్టుకుంటుంటే సత్తార్ చూశాడు. కర్ర తిరగేసి, మొదలును గొర్రె ముందరికాలి కిందికి పోనిచ్చి పైకి ఎత్తాడు, ఎడంచేత్తో. గొర్రె కాలు గాలిలో, గొర్రె నిలబడిపోయింది. సత్తార్ పరిగెత్తుకుంటూ పోయి వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఎదుటివాడి కుడిచెయ్యి మన ఎడంచేతికి ఎదురుగా ఉంటుంది గదా! దగ్గరి దోవ అదే. అంతకాలం తనకు ఎందుకు తట్టలేదని ఆయన ఆరోజు తన నెత్తిన తనే మొట్టికాయలు వేసుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆ దెబ్బను మరో ఐదేళ్లు చెక్కారు. కర్ర మీద చెయ్యి పెట్టించి, ఇంకెవరికీ చూపనని రంగన్నతో ఒట్టు వేయించుకున్నాడు. కమలాపురం ఉస్తాద్ ఇంటికొచ్చి అడిగినా చూపలేదు. అది ఆయన ఆస్తి, ఆయన పేరు, పిల్లల్లేని మనిషికి అదే బిడ్డ.

డ్యాము కింద గట్టుమీద రంగన్న గొర్రెల మధ్య నిలబడి ఉన్నాడు. జీపు చూసి కర్ర గట్టిగా పట్టుకున్నాడు, సత్తార్‌ను చూసి వదిలేశాడు. కాళ్లమీద పడబోతే సత్తార్ చెంప ఛెళ్లుమనిపించాడు.

“నీకేం పొయ్యేకాలం వచ్చింది రా? నలుగురూ చూసే చోట ఆ దెబ్బ కొడ్తావా?”

“వేరే ఏది కొట్టినా మా బాలయ్య మామ సచ్చేవాడు ఉస్తాద్.”

ఆ దెబ్బ కనిపెట్టింది దానికే గదా, ఒక మనిషి చావకుండా, ఇంకో మనిషిని చంపకుండా. సత్తార్ కోపం పోయింది.

“నేను పోయి రెడ్డికి చెప్పేస్తా,” అన్నాడు రంగన్న. “నాకోసం పదహారు మందిని తీసుకుపోయి ఆ గడపలో నిలబెట్టొద్దు.”

“నోరు మూసుకో. పొద్దున పన్నెండు గొర్రెలు తోలుకొని తాలింఖానాకు రా.”

“గొర్రెలు ఎందుకు?”

“రమ్మన్నప్పుడు రావల్ల, అంతే.”

శుక్రవారం పొద్దున ప్రొద్దుటూరులో ఆ వీధివాళ్లకు మంచి వినోదం. తాలింఖానా లోపల గొర్రెల అరుపులు, మగవాళ్ల తిట్లు. సత్తార్ పదహారు మంది చేత ఒట్టు వేయించాడు, సంగతి మొత్తం చెప్పాడు, ఇష్టం లేనివాళ్లు పోవచ్చు అన్నాడు. అందులో నలుగురు రెడ్డి పార్టీవాళ్లు, ఐదుగురు అవతలి పార్టీ, మిగతావాళ్లు ఏ జెండా కనిపిస్తే దానికి దండం పెట్టేవాళ్లు. ఎవరూ లేవలేదు. దాంతో అందరి కుడిచేతులూ తలపాగా గుడ్డలతో వెనక్కి కట్టించాడు.

“దెబ్బ నేర్పను మీకు,” అన్నాడు. “దెబ్బ నేర్పడానికి నాకు ఐదేండ్లు పట్టింది. గొర్రెను పట్టుకోవడం నేర్పుతా. రంగడు నాలుగేండ్లప్పుడు నేర్చుకున్నాడు, మీకు రెండు దినాలు చాలదా?”

గొర్రెలు తాలింఖానా అంతా పరుగులు తీశాయి. కర్ర మొదలు కాలికిందికి పోవాలి, పైకి ఎత్తాలి, గొర్రెకు దెబ్బ తగలకూడదు. “తలతో చెయ్యొద్దు, తల లెక్కలేస్తాది, చేతికి దోవ ఇడవండి!” అని సత్తార్ అరుస్తూనే ఉన్నాడు. నారాయణ మూడుసార్లు గొర్రె కింద పడ్డాడు. ఖమ్రున్నీసా తలుపు సందులోంచి చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది. శనివారం మధ్యాహ్నానికి పది మందికి చెయ్యి తిరిగింది. పొద్దు వాలేసరికి పదహారు మందికీ వచ్చింది. కొంతమందికి వంకరగా, కొంతమందికి ఆలస్యంగా, కానీ అందరిదీ ఎడంచెయ్యే, అందరిదీ కింది నుంచే.

సత్తార్ అరుగుమీద కూర్చుని చూశాడు. పదకొండేళ్లు కష్టపడి సాధించి దాచిపెట్టుకున్నది ఇప్పుడు పదహారు మంది చేతుల్లో ఉంది, నెలకల్లా జిల్లా అంతా ఉంటుంది. ప్రాణం ఉసూరుమంది. నిజం చెప్పాలంటే ఆ పూట రంగన్న మీద కొంచెం అక్కసు కూడా కలిగింది. మనిషన్న తర్వాత కలగదా ఏంది!

ఆదివారం పొద్దున పదింటికి రెడ్డి పెరట్లో వరసగా నిలబడ్డారు. నడుమన ఒక అరటిబోదె పాతి, దానికి మనిషి చెయ్యిలాగా ఇంకో బోదె అడ్డంగా కట్టి, దాని కొసకు వేటకొడవలి బిగించారు. మద్దిలేటిని అంతకుముందు రోజే కడప ఆసుపత్రికి చేర్చారు. గోడ పొడుగునా రెడ్డి మనుషులు. పదహారు మంది నేలను తాకి కళ్లకద్దుకున్నారు, ఉస్తాద్‌కు సలాం పెట్టారు.

మొదట నారాయణ. ఎడంచెయ్యి, కర్ర మొదలు, కింది నుంచి. బోదె చితికింది, కొడవలి ఊగింది. రెడ్డి తలకాయ ఊపాడు. రెండోవాడు, మూడోవాడు. ఒక్కొక్కడు కొడుతుంటే సత్తార్ ఊపిరి బిగబట్టి, కొట్టాక వదిలాడు. తొమ్మిదోవాడి కర్ర జారబోయి నిలబడింది. రంగన్నను కావాలనే పదకొండోవాడుగా పెట్టాడు, ముందూ కాకుండా వెనకా కాకుండా. వాడు చెప్పినట్టే కొంచెం వంకరగా కొట్టాడు. పదహారు అయిపోయాయి.

సత్తార్ మొహం తుడుచుకున్నాడు. రెడ్డి కుర్చీలోంచి లేచాడు.

“బాగా నేర్పినావు సాయిబూ. కానీ అరటిబోదెకు నొప్పి తెలీదు.” కొడవలి కట్టు విప్పి తెచ్చి సత్తార్ కుడిచేతిలో పెట్టాడు. “శిష్యుడు ఉస్తాద్ మీద కర్ర ఎత్తకూడదు. నాకూ తెలుసు. కానీ ఉస్తాద్ ఎత్తమంటే ఎత్తకుండా ఉండకూడదు. అదీ కట్టడే గదా? ఇదంతా నువ్వు ఎవడో ఒగని కోసం ఆడిస్తాండావు. నువ్వు ఎవని కోసం ఆడిస్తాండావో, వాడు నీ చెయ్యి ఇరగ్గొట్టలేడు. చూద్దాం.”

వరస మొత్తం ఒక్కసారి కదిలినట్లయింది. రెడ్డి కర్రల వైపు చూడలేదు, మొహాల వైపు చూశాడు. పదిహేను మొహాల్లో కోపం, భయం. ఒక్క మొహంలో నెత్తుటిచుక్క లేదు.

“నువ్వు రా అబ్బీ,” అన్నాడు రంగన్నను చూపించి. “గట్టిగా కొట్టు. మెత్తగా కొడ్తే నాకు తెలుస్తాది.”

రంగన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. వాడు కొట్టడు, వాడు ఇప్పుడు కర్ర పారేసి ‘నేనే రెడ్డీ’ అంటాడు, ఆ మాట వాడి నాలుక చివర ఉంది. సత్తార్‌కు అది పుస్తకంలో చదివినట్లు కనిపించింది. ‘కొట్టరా’ అని ఆజ్ఞ ఇస్తే కొడతాడు, కానీ మెత్తగా. వాడి తల ఒప్పుకోదు. అయిదేళ్లు తన ఇంట్లో తిన్నవాడు, ఖమ్రున్నీసాను అమ్మా అని పిలిచేవాడు.

తల ఒప్పుకోదు. అయితే తలకు టైము ఇవ్వకూడదు.

సత్తార్ సలాం చెప్పలేదు. సలాం లేకుండా ఆయుధం ఎత్తడం ఆ యాభై ఎనిమిదేళ్ల మనిషి జన్మలో అదే మొదలు. రంగన్న నోరు తెరవబోతుండగానే కొడవలి ఎత్తి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి, వాడి మెడకు గురిపెట్టి దించాడు.

ఎవరో కేక పెట్టారు. రంగన్న కళ్లు అయితే పెద్దవయ్యాయి గానీ వాటికి ఏమీ అర్థం కాలేదు. చేతికి అర్థమైంది. కర్ర తిరగబడి కింది నుంచి లేచింది.

ఎండుకట్టె విరిగినట్లు చప్పుడు. కొడవలి ఎగిరి పోయి గడ్డివామి పక్కన పడింది. సత్తార్ మోకాళ్ల మీద కూలబడ్డాడు, కుడిచెయ్యి ఆయనది కానట్టు వేలాడుతోంది. నొప్పి భుజం దాకా పాకి కళ్లు బైర్లు కమ్మాయి. ఆ నొప్పిలో కూడా ఒక్క క్షణం, అబ్బ, ఎంత బాగా తగిలింది రా అనుకున్నాడు. పదకొండేళ్లు కష్టపడి కనిపెట్టింది ఎట్లాంటిదో ఆయనకు తన చేతి మీదే తెలిసింది.

రంగన్న కర్ర పారేసి రెండడుగులు వెనక్కి వేశాడు. మొహం రాయిలా ఉంది. రెడ్డి వాడిని చూశాడు, సత్తార్‌ను చూశాడు, పోయి కొడవలి తీసుకుని అంచు మీద వేలు పెట్టి చూశాడు.

“మెడకు గురిపెట్టినావు,” అన్నాడు సత్తార్‌తో. గొంతులో మొదటిసారి తడబాటు వినిపించింది. “నేను చూసినా. ఆపే దెబ్బ కాదు అది. వాడు రవ్వంత ఆలస్యం చేసింటే తల ఈడ పడుండేది.”

“సామంటే ఆట కాదు గదా రెడ్డీ,” అన్నాడు సత్తార్ పళ్లు బిగించి.

“కాదులే. కాపాడుకునేవాణ్ని ఎవడూ అట్ల నరకడు. వాడూ అంతే, కనికరం లేకుండా కొట్టినాడు.” రెడ్డి కొడవలి ఎవరికో అందించాడు. “పదహారు మందిలో నావాళ్లు నలుగురు. నలుగురికీ అదే దెబ్బ. ఎవణ్ని అనేది? ఈడికి ఇడుస్తాండా. పోండి.”

జీపు ఎక్కమని నారాయణ అడగలేదు, అడిగినా బాగుండేది కాదు. పదహారు మందీ ఒక్కచోట కనపడకూడదని తలోదారి పట్టారు. పులివెందుల బస్టాండుకు సత్తార్, రంగన్న మాత్రం నడిచి వచ్చారు. రంగన్న తువ్వాల చింపి, రెండు వెదురుముక్కలు పెట్టి చెయ్యి కట్టాడు. ప్రొద్దుటూరు బస్సు ఎక్కి వెనక సీట్లో కూర్చున్నారు. బస్సు ఊరు దాటినాక రంగన్న కిటికీ వైపు చూస్తూ అడిగాడు.

“ఉస్తాద్. నా చెయ్యి లేయకపోయింటే?”

ఆ వారమంతా సత్తార్ అబద్ధాల మీదే బతికాడు. ఇంకొకటి చెప్పడం పెద్ద కష్టం కాదు. ఆపేవాణ్నిరా, నాకు తెలుసు గదా ఎక్కడ ఆపాలో, అంటే సరిపోతుంది. వాడూ నమ్ముతాడు, నమ్మాలని చూస్తున్నాడు.

“తెగిండేది,” అన్నాడు.

రంగన్న తిరిగి చూశాడు.

“ఆపితే రెడ్డికి తెలుస్తాది. అందుకే ఆపాలనుకోలేదు. నిజంగానే నరికినా బేటా. లేస్తాదనే అనుకున్నా, కానీ లేయకపోతే... నా చేత్తో...” లక్ష్మయ్య శవం దగ్గర కూడా ఏడవని మనిషి బస్సులో నలుగురి మధ్య వెక్కివెక్కి ఏడ్చాడు. ముందు సీట్లో ఆడమనిషి తిరిగి చూసి, పాపం చెయ్యి నొప్పి అనుకుని జాలిపడింది.

రంగన్నకు కోపం వచ్చిందో, భయమేసిందో, ఆ మొహంలో ఏమీ తెలియలేదు. బస్సు గుంతలో పడి ఎగిరింది, సత్తార్ నొప్పికి కెవ్వుమన్నాడు. అప్పుడు వాడు జరిగి దగ్గరికి కూర్చుని, విరిగిన ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు, కుదుపు తగలకుండా. ముద్దనూరు వచ్చింది, ఎర్రగుంట్ల వచ్చింది, జనం దిగారు, ఎక్కారు. ప్రొద్దుటూరులో దిగేదాకా ఆ చెయ్యి వాడి ఒళ్లోనే ఉంది.